అసలు కన్నా పాతదైన నకలు

నూకరత్నానికి భయం లేని చోటు ఈ భూమ్మీద ఒకటే ఉంది. అది పద్నాలుగు అడుగుల పొడవూ, ఆరున్నర అడుగుల వెడల్పూ ఉంటుంది. దానికి రెండు చక్రాలు కూడా ఉంటాయి.

మిగతా చోట్లన్నిటా ఆవిడ భయపడుతూనే ఉంటుంది. కూతురు సుజిత కాకినాడ పాలిటెక్నిక్‌కి బస్సెక్కిందంటే ఆ బస్సు కాలవలో పడిపోయినట్టే. ఎక్కలేదంటే హాజరు చాలక పరీక్ష రాయనివ్వనట్టే. ఫోను మోగితే ఎవరో పోయినట్టు. మోగకపోతే ఆ కబురు చెప్పడానికి కూడా ఎవరూ మిగలనట్టు. మొగుడు అప్పన్న ఆరేళ్ళ కిందట జ్వరం వచ్చి పోయాడు. ఆ ఒక్కసారి మాత్రం నూకరత్నం భయపడలేదు. ఉత్త జ్వరమే కదా అనుకుంది. అప్పట్నుంచి దేన్నీ అలా వదిలేయకూడదని గట్టిగా అనుకుని, ఏదొచ్చినా ముందుగానే భయపడిపోతోంది.

కానీ ఆ బండిలోకి వచ్చి తలుపు మూసుకుందంటే హాయిగా నిద్రపోతుంది. దాన్ని అందరూ ఇంటిబండి అంటారు. కాకినాడ నుంచి యానాం పోయే రోడ్డు పక్కన, ఒక కొబ్బరితోట అంచున ఉంటుంది. నూకరత్నం మామగారు పెద్దింట్లు మేస్త్రి కట్టింది అది. ఆయన పడవలు కట్టే వడ్రంగి. ఒక ఏడు తుఫాను వచ్చి ఊళ్ళో గోడలన్నీ కూలిపోయాక, ఆయన పెళ్ళాం ముత్యాలమ్మ గోడలున్న ఏ ఇంట్లోనూ కన్ను మూయలేకపోయింది. మేస్త్రి నెల రోజులు చూశాడు. తర్వాత వేలంలో పాత మిలట్రీ జీపు వెనక తగిలించే ట్రాలీ చక్రాలు కొన్నాడు. వాటి మీద మద్ది చెక్కలతో పడవ పొట్టలాంటి పొట్ట కట్టి, చెక్కల సందుల్లో గుగ్గిలం, నూనె కలిపిన పత్తి దట్టించాడు. పైన కప్పు, పక్కన కిటికీ, వెనక తలుపు.

“నీళ్ళొత్తే తేలుద్ది. గాలొత్తే ఎడ్లు కట్టి లాక్కుపోదాం. ఇంక పడుకోవే,” అన్నాడట.

ముత్యాలమ్మ పడుకుంది. ఆవిడ తర్వాత కోడలు నూకరత్నం పడుకుంది. ఇప్పుడు సుజిత పడుకుంటోంది. పొద్దున్నే కిటికీ తలుపు పైకెత్తి కర్ర పెడితే అదే పెసరట్ల దుకాణం. అదే ఇల్లు, అదే బతుకుతెరువు. అది కాకుండా వాళ్ళకి ఇంకో గూడు లేదు.

అలాంటి బండి ముందు ఒక మంగళవారం పొద్దున ప్రభుత్వం వారి జీపు ఆగింది.

నూకరత్నం అట్లకాడ చేతిలో అలాగే ఉండిపోయింది. “అయిపోయిందే సుజీ. రోడ్డు ఎడల్పు చేసేత్తన్నారు. మనల్ని తీసేత్తారు.”

“అమా, టిఫిన్‌కి వచ్చుంటారే.”

“తలకాయకి టోపీ పెట్టుకుని టిఫిన్‌కి ఎవరొత్తారే?”

టోపీ పెట్టుకున్నాయన పేరు సోమశేఖరం. రాష్ట్ర వారసత్వ వాహనాల పరిశోధన, పరిరక్షణ మండలిలో పరిశోధనాధికారి. జిల్లాకొక వారసత్వ వాహనం ఉండి తీరాలని ప్రభుత్వం ఆ మధ్యనే ఉత్తర్వు వేసింది. ఇక అన్ని జిల్లాల వాళ్ళూ పాత షెడ్ల మీద పడ్డారు. ఒక జిల్లాకి రోడ్డు రోలరు దొరికింది. ఇంకో జిల్లాకి ఒక జమీందారిణి గారి పల్లకీ దొరికింది. దానికి చక్రాలు లేకపోయినా, మోసినవాళ్ళ కాళ్ళని చక్రాల కింద లెక్కగట్టి వాహనమే అని తీర్పిచ్చారు. ఈ జిల్లాకి మాత్రం ఏమీ దొరకలేదు. గడువు తొంభై రోజులే ఉంది.

సోమశేఖరం బండి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. గుడి చుట్టూ కూడా అంత భక్తిగా ఎవరూ తిరగరు. తర్వాత సంచిలోంచి ఒక లావుపాటి పుస్తకం తీసి, అందులో ఒక బొమ్మనీ బండినీ మార్చి మార్చి చూసి, కళ్ళజోడు తుడుచుకున్నాడు.

“అమ్మా, మీరు ఏ వాహనంలో అట్లు పోస్తున్నారో మీకు తెలుసా?”

“ఇంటిబండండి.”

“ఇది క్యారవాన్. కోస్టల్ టూరర్, రెండో రకం. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడా మిగల్లేదని ఈ పుస్తకం రాసినాయన రాసుకున్నాడు. చూడండి ఈ గుండ్రటి పొట్ట. సీమదేశపు కంపెనీలకు తప్ప ఇంకెవరికీ చేతకాని పని.”

“పడవ పొట్టండి అది. మా మావగారు కట్టారండి.”

“ఎక్కడ?”

“ఇక్కడేనండి. ఆ చెట్ల కింద.”

సోమశేఖరం జాలిగా నవ్వి కాగితం మీద రాసుకున్నాడు. ఆయన ఇచ్చి వెళ్ళిన కార్బన్ నకలుని సుజిత చదివి వినిపించింది. “నివాసికి వాహన చరిత్రపై అవగాహన లేదు. చరిత్రను అన్వేషించవలసి యున్నది.”

ఆ మర్నాడే బండికి ఒక బోర్డు కొట్టారు. “పరిశోధనలో ఉన్న వాహనం. ముట్టుకోరాదు.”

“మరి మేం ఎక్కడుండాలండి?” అంది నూకరత్నం గుండె అరచేత్తో పట్టుకుని.

“ఇందులోనే ఉండండి,” అన్నాడు సోమశేఖరం దయగా. “నివాసమునకు ఆక్షేపణ లేదు. స్పర్శకు మాత్రమే ఆక్షేపణ.”

“ముట్టుకోకుండా ఎలా ఉంటామండి?”

“అది నివాసి వ్యక్తిగత సౌలభ్యమునకు సంబంధించిన అంశం. మండలి జోక్యం చేసుకోదు.”

నూకరత్నం పొయ్యి తీసి బయట పెట్టుకుంది. లోపలికి వెళ్ళేటప్పుడు గోడలకి తగలకుండా చేతులు ముడుచుకుని వెళ్ళేది. ఎవరైనా చూస్తే ఈవిడ తన ఇంట్లో తనే దొంగతనానికి వెళ్తోంది అనుకునేవారు.

తర్వాత రంగులు గీకడం మొదలైంది. సన్నటి కత్తితో ఒక మూల గీకుతూ పోతే పదకొండు పొరలు తేలాయి. ఒక్కో పొర తేలినప్పుడల్లా సోమశేఖరం ఊపిరి బిగబట్టేవాడు. నీలం తేలినప్పుడు ఆయనకి చెమటలు పట్టాయి.

“రాజనీలం! సీమదొరల ఇళ్ళలో తప్ప కనిపించదు.”

“అది పడవలకేసి మిగిలిపోయిన రంగండి,” అంది నూకరత్నం. “ఆ పచ్చది మా అమ్మాయి పుట్టినప్పుడేశాం. ఆ కింద ఎరుపు మా పెళ్ళికండి.”

సోమశేఖరం శ్రద్ధగా రాసుకున్నాడు. “నీలం: సీమ దొరతనపు కాలం. పచ్చ: అనిశ్చితం. ఎరుపు: అనిశ్చితం.”

రెండు నెలలకి నివేదిక తయారైంది. దాని సారాంశం ఇది: గుర్తు తెలియని ఒక దొర, గుర్తు తెలియని సంవత్సరంలో, గుర్తు తెలియని కారణంచేత ఈ వాహనమును ఈ తీరానికి తెచ్చి, గుర్తు తెలియని పరిస్థితుల్లో విడిచి వెళ్ళెను. ఇది అరుదైన నమూనా. ఇంతవరకు పరిశోధన సంతృప్తికరంగా పూర్తియైనది.

అక్కడితో ఆగితే నూకరత్నం అట్ల పెనం మళ్ళీ లోపలికి వెళ్ళేది. కానీ నివేదిక మండలి అధ్యక్షులవారి బల్ల మీదికి వెళ్ళింది. ఆయన నిబంధనల పుస్తకం తలకింద పెట్టుకుని పడుకునే మనిషని చెప్పుకుంటారు.

“ఏడో నిబంధన చూడండి,” అన్నారాయన సమావేశంలో. “ఒక్కటే ఉన్నది వస్తువు. కనీసం రెండున్నప్పుడే అది నమూనా. ఐదుకు లోపు ఉన్నప్పుడే అరుదైన నమూనా. మీ దగ్గర ఒక్కటే ఉంది. అంటే మీరు రెండు నెలలుగా ఒక వస్తువు మీద పరిశోధన చేస్తున్నారు.”

సోమశేఖరం ముఖం పాలిపోయింది. రెండోదాని కోసం పేపర్లో ప్రకటన వేశారు. పాలవ్యాను తెచ్చారు. ఐసు బండి తెచ్చారు. ఒకాయన సర్కసు వాళ్ళు వదిలేసిన సింహం బోను తెచ్చి, లోపల కాస్త వాసన వస్తుంది గానీ కొలతలు కలుస్తాయన్నాడు. ఏదీ కలవలేదు. గడువు ముప్ఫై రోజులకి వచ్చేసింది.

మళ్ళీ అధ్యక్షులవారే దారి చూపించారు. “అరుదైన నమూనా అని మీరు నివేదించారు. కాబట్టి రెండోది ఉండి తీరాలి. ఉండి తీరవలసినది కనిపించడం లేదంటే, పూర్తిగా శిథిలమై ఉండాలి. శిథిలమైన వాహనాన్ని పునరుద్ధరించడం మండలి కర్తవ్యం కాదా?”

“కర్తవ్యమేనండి,” అన్నారందరూ.

అలా ఎన్నడూ లేని రెండో బండిని పునరుద్ధరించడానికి ఉత్తర్వు వెలువడింది.

ఆ పని చేయగల మనిషి జిల్లాలో ఒక్కడే మిగిలాడు. పెద్దింట్లు మేస్త్రి శిష్యుడు చంటబ్బాయి. పేరుకి చంటబ్బాయే గానీ డెబ్భై నాలుగేళ్ళు. ఉలి సంచి భుజాన వేసుకుని ఇంటిబండి దగ్గరికొచ్చి చాలాసేపు చూశాడు.

“ఏటే అమ్మాయ్, ఇలాంటిదే ఇంకోటి కట్టాలంటున్నారు. అచ్చం ఇలాగే అంట. మీ మావ ఒకలాంటి పడవ రెండుసార్లు కట్టాడా ఎప్పుడైనా?”

“లేదు బాబాయ్.”

“కాయితం మీద బొమ్మ గీశాడా?”

“గీయలేదు.”

“మరేంటి? మాకు కన్నే కొలత. కర్ర ఎటు వంగుతానంటే అటు పడవ. ఈళ్ళేమో బొమ్మ గీసుకొచ్చారు చూడు.”

బొమ్మ ఒకటి కాదు, నూట పన్నెండు. ఇంటిబండిని అంగుళం అంగుళం కొలిచి, ప్రతి మేకుకీ క్రమసంఖ్య వేశారు. చంటబ్బాయికి చదువు రాదు. సుజిత కూర్చుని చదివి వినిపించింది. “క్రమసంఖ్య ముప్ఫై రెండు: తలుపు కింది మూల ఎలుక కొరికిన గుర్తు, ఒకటిన్నర అంగుళం. క్రమసంఖ్య నలభై ఆరు: కిటికీ అంచున నూనె మరక, నాలుగంగుళాలు.”

“ఎలుకని కూడా ఈళ్ళే ఇత్తారా, నేనే తెచ్చుకోవాలా?” అన్నాడు చంటబ్బాయి.

ఎలుక గుర్తు ఉలితో చెక్కేశాడు గానీ నూనె మరక మాత్రం ఎంత రాసినా బొమ్మలో ఉన్నట్టు రాలేదు. సోమశేఖరం రెండుసార్లు తిరస్కరించాడు. చివరికి నూకరత్నాన్ని పిలిపించి, కొత్త బండి కిటికీ దగ్గర నాలుగు రోజుల పాటు పెసరట్లు పోయించారు. నాలుగో రోజు పెనం దించుతూ ఆవిడ చంటబ్బాయితో అంది.

“నాకేదో తేడాగా ఉంది బాబాయ్. మన మరక కూడా పట్టుకుపోతన్నారు. తర్వాతేం పట్టుకుపోతారో.”

“పిచ్చిదానా, మరక పోతే పోయిందేటి? అలాంటియి రోజుకి పది చేత్తావు నువ్వు.”

కొత్త బండి తయారైంది. గడువు ఇంకా వారం ఉండగానే రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి ఫోటోలు తీశారు. చంటబ్బాయి పనితనం అలాంటిది, రెండూ అచ్చు గుద్దినట్టున్నాయి. అదే కొంప ముంచింది. అధ్యక్షులవారు స్వయంగా వచ్చి, ముక్కు మీద వేలేసుకుని రెండింటినీ చూసి, “రెండూ ఇంత ఒకేలా ఉన్నాయంటే, ఒకటి నకలు అయి ఉండాలి,” అన్నారు.

అందరూ ఉలిక్కిపడ్డారు. ఈ సంగతి ఎవరికీ తట్టలేదు.

ఏది అసలు, ఏది నకలు అని తేల్చడానికి ముగ్గురు సభ్యుల సంఘం వేశారు. సంఘం రెండు బండ్ల ఫైళ్ళూ తెప్పించింది. కొత్త బండికి నాలుగు వందల పన్నెండు పేజీల ఫైలుంది. సోమశేఖరం నివేదిక, నూట పన్నెండు బొమ్మలు, ఏ కర్ర ఏ అడితి నుంచి వచ్చిందో చీటీలు, మరక మీద రెండు తిరస్కరణలు, ఒక ఆమోదం. పాత బండి ఫైలు తెమ్మంటే, అది రాలేదు. ఎందుకంటే లేదు.

నాలుగు రోజుల తర్వాత నూకరత్నానికి రిజిస్టరు పోస్టు వచ్చింది. కవరు చూడగానే ఆవిడ కింద కూర్చుండిపోయింది. సుజిత చదివింది.

“చరిత్ర అనగా ఆధారము. ఆధారము అనగా పత్రము. సమగ్ర పత్రములు గల వాహనము అసలైనదనియు, ఎట్టి పత్రములును లేని నివాసి వాహనము దానికి నకలనియు నిర్ధారించడమైనది. తొమ్మిదో నిబంధన ప్రకారము నకలు వాహనమును పదిహేను రోజులలోగా విడదీసి, కర్రను కర్రగాను, ఇనుమును ఇనుముగాను వేరుచేయవలెను.”

నూకరత్నం ఏడవలేదు. ఎన్నేళ్ళుగానో రాబోయే చెడ్డకి ఎదురుచూసి ఎదురుచూసి, అది ఇప్పుడు నిజంగానే వస్తే, ఎరిగిన మనిషి గుమ్మంలోకి వచ్చినట్టే ఉంది.

“లే. చీర మార్చుకుంటాను. ఆఫీసుకి పోదాం,” అంది.

“భయం లేదా అమా?”

“ఉందే. భయం ఉందని ఇల్లు ఊడదీయించుకుంటామా?”

కాకినాడలో మండలి ఆఫీసు మేడ మీద. చంటబ్బాయి కూడా వచ్చాడు. అధ్యక్షులవారి గది తలుపుకి పచ్చ తెర. లోపల సోమశేఖరం ఫైళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

చంటబ్బాయి దండం పెట్టి, “బాబూ, ఆ కొత్తది నేనే కట్టానండి. పోయిన నెలలో. ఈ చేతుల్తో. తమరే కట్టమన్నారు,” అన్నాడు.

“మీరు కట్టలేదు. పునరుద్ధరించారు,” అన్నారు అధ్యక్షులు. “పునరుద్ధరణ అనగా పూర్వమున్నదానిని తిరిగి నిలబెట్టుట. పూర్వం లేకపోతే ఎలా పునరుద్ధరించారు?”

చంటబ్బాయి తన చేతుల కేసి ఒకసారి చూసుకున్నాడు, ఇవి ఎవరి చేతులా అన్నట్టు.

“అయ్యా,” అంది నూకరత్నం, “మా మావగారు అది కట్టి యాభై ఏళ్ళు దాటిందండి. ఇది పోయిన నెల లేచింది. పోయిన నెల లేచినదాన్ని చూసి ఆయన యాభై ఏళ్ళ కిందట ఎలా కట్టేత్తారండి?”

సోమశేఖరం గొంతు సవరించుకున్నాడు. “అదే ఆయన ప్రతిభ,” అన్నాడు.

అధ్యక్షులవారు తల పంకించారు. “నకళ్ళు చేసేవాళ్ళు సామాన్యులు కారమ్మా. చాలా ముందుచూపుంటుంది.”

సుజిత అంతవరకూ గోడనానుకుని, పక్క గోడకి తగిలించిన నిబంధనల పట్టిక చదువుతోంది. “సార్, ఒక సందేహమండి. మా బండిని విడగొట్టేస్తే మీకు మిగిలేది ఒక్కటే కదా. ఒక్కటే ఉంటే అది నమూనా కాదు, వస్తువు అని ఏడో నిబంధన కదండీ?”

సోమశేఖరం చేతిలోని ఫైలు జారి కింద పడింది. ప్రారంభోత్సవం ఎల్లుండి. రిబ్బను కొనేశారు. మంత్రిగారు వస్తున్నారు. వచ్చి ఒక వస్తువుని ప్రారంభిస్తారా?

అధ్యక్షులవారు నిబంధనల పుస్తకం తీసి, పేజీలు తిప్పి, తిప్పి, ఒక చోట ఆగి, ఊపిరి వదిలారు.

“పద్నాలుగో నిబంధన. నకళ్ళు గల నమూనా మిక్కిలి ప్రసిద్ధమైనదిగా పరిగణింపబడును. అట్టి నకలును పోలిక నిమిత్తము శాశ్వతముగా నిలిపియుంచవలెను. దానికి ఎవరూ భంగము కలిగించరాదు.” ఆయన నూకరత్నం కేసి మొదటిసారి మర్యాదగా చూశారు. “అయితే నకలు చేసినవారు గానీ వారి వారసులు గానీ ఒప్పుకోలు పత్రం ఇవ్వాలి. ‘మా మామగారు పెద్దింట్లు అనువారు స్వయంగా ఏమీ కట్టలేదు. దొరగారి వాహనమును దొంగచాటుగా చూసి నకలు చేసినారు’ అని. అంతే. సంతకం పెడితే మీ బండి మీదే. మేం మళ్ళీ ఆ గుమ్మం తొక్కం.”

“పెట్టకపోతే?”

“తొమ్మిదో నిబంధన.”

చంటబ్బాయి చేతికర్ర నేల మీద కొట్టాడు. “పెట్టకే అమ్మాయ్! నీ మావ దొంగా? ఆయన చేత్తో ముట్టిన కర్ర నీళ్ళలో మాట ఇనేది. ఆయన దగ్గర పనిచేశానని చెప్పుకునే నేను ఇన్నాళ్ళూ తిండి తిన్నాను. పెట్టకు!”

సుజిత కూడా తల్లి చెయ్యి పట్టుకుంది. “వద్దమా. తాతయ్య దొంగ అని రాసిచ్చి అందులో ఎలా పడుకుంటాం?”

నూకరత్నం కాగితం వైపు చూసింది. ఆ క్షణంలో ఆవిడకి మామగారు గుర్తొచ్చాడు. పెళ్ళైన కొత్తలో ఆవిడ ఆయన్ని ఒక మాట అడిగింది. ఇన్ని పడవలు కట్టారు కదా మావయ్యా, ఒక్కదాని మీదా మీ పేరుండదేం, అని. ఆయన చుట్ట తీసి నవ్వాడు. పడవ మీద పేరు కొన్నవాడిది, లేకపోతే వాడి ఇలవేలుపుది. కట్టినవాడి పేరు ఎవరైనా రాత్తారా? మునగకుండా ఉంటే అదే మన పేరు, అన్నాడు.

“కలం ఇవ్వండి,” అంది.

“అమ్మాయ్!”

“ఊరుకో బాబాయ్. ఆయన బండి కట్టింది అత్తకి నిద్ర పట్టాలని. కాయితంలో పేరు పడాలని కాదు. దొంగంటే దొంగ. ఆయనకేం పోయింది? అత్త నిద్రపోయింది, నేను నిద్రపోయాను, నా పిల్ల నిద్రపోవాలి.”

ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా పదిసార్లు చదివించుకుని, చెమటతో కాగితం తడిపే నూకరత్నం, ఆ రోజు ఒక్క గీతలో పెట్టేసింది. చంటబ్బాయి మొహం పక్కకి తిప్పుకున్నాడు. మెట్లు దిగేటప్పుడు మాత్రం, “సంతకం బాగా పెట్టావు,” అని గొణిగాడు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. అసలు క్యారవాన్‌ని గాజు గదిలో పెట్టి ఏసీ వేశారు. అందులో నూనె మరక దగ్గర చిన్న దీపం కూడా పెట్టారు, దొరగారి వంటమనిషి వంట చేసిన ఆనవాలు అని. చంటబ్బాయికి శాలువా కప్పి, ‘పునరుద్ధారక’ అని బిరుదిచ్చారు. ఆయన ఆ శాలువా మడిచి ఉలి సంచిలో పెట్టుకుని, బస్సెక్కి ఇంటికొచ్చేశాడు.

ఇంటిబండికి పాత బోర్డు తీసేసి కొత్త బోర్డు కొట్టారు. “ఇది నకలు. చూసి మోసపోకండి.” కింద ప్రభుత్వ ముద్ర. నూకరత్నం పెనం లోపలికి పెట్టుకుంది. గోడలన్నిటినీ చేత్తో తడుముకుంటూ ఒక చుట్టు తిరిగింది. బోర్డు చూసి జనం ఎక్కువయ్యారు. యానాం పోయే కార్లు కూడా ఆగి, నకలు దగ్గర రెండు పెసరట్లు అని అడగడం మొదలుపెట్టాయి.

అలా నాలుగు నెలలు ప్రశాంతంగా గడిచాయి. ఇంత ప్రశాంతంగా ఉంటే ఏదో ఒకటి వస్తుందని ఆవిడ అనుకుంటూనే ఉంది. వచ్చింది. ఒక సాయంత్రం స్కూటీ మీద, కళ్ళజోడు పెట్టుకుని, పాతికేళ్ళ అమ్మాయి. విశాఖపట్నంలో చదువుకుంటోందట. పాత పడవల మీద పరిశోధన చేస్తోందట. పేరు శివజ్యోతి.

ఆ అమ్మాయి పెసరట్టు చెప్పి, అది వచ్చేలోగా బండి కింద దూరింది. భూతద్దం తీసింది. చెక్కల సందులు చూసింది, పత్తి చూసింది, గుగ్గిలం గోటితో గిల్లి వాసన చూసింది. లేచేసరికి మోకాళ్ళ నిండా దుమ్ము, కళ్ళ నిండా నీళ్ళు.

“ఆంటీ! ఇది నకలు కాదు. ఇదే అసలుది! ఈ అతుకు చూడండి, యాభై ఏళ్ళ కిందటి గోదావరి పడవల పని. సీమవాళ్ళు ఎవరూ ఇలా కట్టలేదు. ఇది మన మేస్త్రి ఎవరో కట్టింది. ప్రపంచంలో ఇలాంటిది ఇంకోటి లేదు. నేను నిరూపిస్తాను. మళ్ళీ కమిటీ వేయిస్తాను!”

ఇన్నేళ్ళలో నూకరత్నం ఎన్నిటికి భయపడిందో గానీ, నిజానికి ఇంతగా ఎప్పుడూ భయపడలేదు. ఆ అమ్మాయి చేతిలోంచి భూతద్దం మెల్లగా తీసుకుని పక్కన పెట్టింది. స్టూలు తుడిచి కూర్చోబెట్టింది. అడగకుండానే అల్లం పచ్చడి ఇంకో గరిటె వేసింది.

“ఈ సంగతి ఎవరికైనా చెప్పావా తల్లీ?”

“ఇంకా లేదండి.”

“మంచిది.” నూకరత్నం బోర్డు మీద ముద్ర వైపు వేలు చూపించింది. “చూడమ్మా, ప్రభుత్వం వారు ఊరికే రాత్తారా? మా మావ పెద్ద దొంగమ్మా. పేరుమోసిన నకిలీగాడు. జిల్లా అంతా తెలుసు. నేను సంతకం కూడా పెట్టాను. తిను తల్లీ, చల్లారిపోద్ది.”